రిమార్కుల గడి

మార్చి 4

ప్రభుత్వం పడిపోయిన రోజున కూడా మా ఆయన ఇంట్లో కాలు పెట్టి అడిగిన మొదటి మాట, "వదిన ఏమైనా తిన్నదా?" అని.

గుమ్మం పక్కనే ఉన్నాను నేను. పొద్దున్నుంచీ విమానాల మోత వింటూ, ఆయన పనిచేసే పంపుహౌసు మీద ఏం పడిందో ఏమోనని ఊపిరి ఉగ్గబట్టుకుని కూర్చున్నదాన్ని. నన్ను తప్పించుకుని వెళ్ళి ముందుగదిలోకి తొంగిచూశారు. వదినగారు తిన్నది. శుభ్రంగా రొట్టె తిని, బావగారి చొక్కాకి గుండీ కుడుతూ కూర్చుంది. "వచ్చావా చిన్నోడా" అంది తలెత్తకుండా. ముప్పై ఆరేళ్ళ మనిషి, కణతల దగ్గర జుట్టు నెరిసింది, ఇంకా చిన్నోడేనట.

పాత పాలకుడు పారిపోయాడని రేడియోలో చెప్పారు. విదేశీ సైన్యం నది దాటి ఊళ్ళోకి వచ్చేసింది. మిమ్మల్ని విడిపించడానికి వచ్చామని మన భాషలోనే, ముక్కుతో పలుకుతూ, గంటకోసారి చెబుతున్నారు. నన్ను ఎవరు విడిపిస్తారో చూడాలి.

మార్చి 5

పాత ఆఫీసు కాగితాల వెనకవైపు రాస్తున్నాను. ఇటు పోయిన ప్రభుత్వం ముద్ర, అటు నా ఏడుపు.

ఆయనకి పదేళ్ళప్పుడు తల్లి పోయింది. అప్పుడే కొత్తగా కాపురానికొచ్చిన అక్క, నేను అక్కా అని పిలిచే ఈ వదినగారే, ఆయన్ని పెంచింది. నాకు తెలుసు. పెళ్ళైన ఏడేళ్ళలో ఏడువందల సార్లు విన్నాను. కూరలో ఉప్పు తగ్గితే వదిననడుగు. జ్వరమొస్తే వదిన చెయ్యి నుదుటి మీద పెడితే చాలు. నేను వేసే మాత్ర మాత్రం చేదు.

మేం నలుగురం ఉండేది వాటర్‌వర్క్స్ క్వార్టర్స్‌లో. నాలుగు గదులు. వీధివైపు ఎండ పడే రెండూ వాళ్ళవి, గోడవైపు రెండూ మావి. బావగారు వాల్వుల మేస్త్రీ. ఏ పేటకి ఏ గంటకి నీళ్ళు వదలాలో, ఏ వీధిలో ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పాలో ఆయన చూస్తారు. మా ఆయన పంపుహౌసులో మోటార్లు నడుపుతారు. నేను అదే ఆఫీసులో టైపిస్టుని. వీధిలో వాళ్ళు అక్కని "అమ్మా" అని పిలుస్తారు. నన్ను "టైపిస్టు" అంటారు. నేను పన్నెండేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాను, ఆవిడ ఒక్కరోజు చేసి ఎరగదు.

మార్చి 6

రొట్టెల కోసం వరసలో మూడు గంటలు నిలబడ్డాను. "వదినకి అంచుముక్క ఇవ్వు, ఆవిడకి కరకరలాడితేనే ఇష్టం" అన్నారు. ఇచ్చాను.

మార్చి 10

ఆఫీసు తెరిచారు. తెరవడానికి తలుపు ఉంటేగా. ఫ్యాన్లు, కుర్చీలు, గోడగడియారం, ఆఖరికి వాటర్‌వర్క్స్‌లోనే కుళాయిలు ఊడబీక్కుపోయారు. నా టైపు మిషను ఒక్కటే మిగిలింది. ఎత్తబోయి నడుం పట్టేసిందేమో, మెట్ల మీద వదిలేసి పోయారు.

అసలు నష్టం అది కాదు. మా పెద్ద ఇంజనీరు పారిపోయే ముందు పైపులైన్ల పటాలన్నీ పెరట్లో పోసి తగలబెట్టాడు. పాత ప్రభుత్వంలో ఆ పటాలు సైనిక రహస్యం. రెండో నకలు తీయడం నేరం, వాల్వుల సంగతి నోటుబుక్కులో రాసుకోవడమూ నేరమే. అందుకని బావగారు అన్నీ బుర్రలో పెట్టుకున్నారు. రెండువందల పధ్నాలుగు వాల్వులు. కొత్త మనిషి వస్తే వీధివీధికీ తిప్పి, చెయ్యి పట్టి నేర్పేవారు.

ఇవాళ విదేశీ అధికారి ఒకడు జీపులో వచ్చాడు. పొడుగ్గా ఉన్నాడు, దళసరి కళ్ళజోడు. మేమందరం వరసలో నిలబడ్డాం. పటాలేవని అడిగితే అందరూ బావగారి వైపు చూపించారు. కళ్ళజోడు వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. ఎవడో ఫొటో తీశాడు. అప్పటికే గేటు దగ్గర బిందెలతో చేరిన జనం "మేస్త్రీగారు ఉన్నారు, మనకి భయం లేదు" అని ఒకటే మెచ్చుకోవడం. మా ఆయన మొహం అన్నగారి కన్నా ఎక్కువ వెలిగిపోయింది. నాకు ఒళ్ళు మండింది. పంపులు తిరక్కుండా వాల్వులు తిప్పితే గాలి వస్తుంది. ఆ మాట ఎవరికీ తోచదేం?

ఇంటికొచ్చి ఇదంతా ఆయనే వదినకి పూసగుచ్చినట్టు చెప్పారు. నేను పక్కనే ఉన్నాను, నన్ను ఒక్క ముక్క చెప్పనివ్వలేదు.

మార్చి 15

కొత్త ఉత్తర్వు. పాత పార్టీ కార్డు ఉన్నవాళ్ళలో ఒకటి, రెండు, మూడు తరగతుల వాళ్ళని ఉద్యోగాల్లోంచి తీసేస్తారట. నాలుగు, ఆపైన వాళ్ళు ఉండొచ్చు. నవ్వొచ్చింది. ఈ ఊళ్ళో కార్డు లేనివాడెవడు? ఊడ్చేవాడికీ ఉంది, నాకూ ఉంది, ఐదో తరగతి. కార్డు లేకపోతే పొయ్యిలోకి కిరసనాయిలు ఇచ్చేవాళ్ళు కాదు.

సిబ్బంది పట్టిక టైపు చేసే పని నాకు పడింది. నాలుగు గళ్ళు: పేరు, పని, కార్డు తరగతి, రిమార్కులు. ఆ కళ్ళజోడు అధికారి వెంట తిరిగే దుబాసీ మన ఊరివాడే, మర్యాదస్తుడు. వెళ్ళబోతూ నా బల్ల దగ్గర ఆగి చెప్పాడు. "చూడమ్మా, ఎవరైనా రేషన్ కోసమో ఇంటి కోసమో కార్డు తీసుకున్నారని నీకు తెలిస్తే ఆఖరి గడిలో ఆ ముక్క రాయి. ఈయన మరీ మూర్ఖుడు కాదు. కారణం ఉంటే వదిలేస్తాడు. గడి ఖాళీగా ఉంటే మటుకు పార్టీ మీద ప్రేమతోనే తీసుకున్నాడని అనుకుంటాడు."

ఇంటికొస్తే అక్క నా కోసమే చూస్తోంది. "ఏమే, మీ బావగారి సంగతి కాస్త చూసి రాయి" అంది. అడగడం కూడా ఎలా అడిగింది? బియ్యం ఏరిపెట్టమన్నట్టు అడిగింది. కాళ్ళావేళ్ళా పడక్కర్లేదు, కాస్త గొంతు తగ్గించి అడగొచ్చుగా.

మార్చి 16

మూడింటికల్లా పని తేల్చేసి కిటికీ దగ్గర కూర్చుని టీ తాగాను. చాలా రోజులకి వేడి టీ.

అరవై మూడు పేర్లు. అందులో మూడో తరగతి వాళ్ళు పన్నెండుమంది. పన్నెండుమందికీ నాకు తెలిసిన కారణాలు రాశాను. గేటు కాపలాదారు: భార్య ఆసుపత్రి మంచం కోసం. మీటర్ల గుమాస్తా: కూతురి కాలేజీ సీటు కోసం. క్లోరిన్ కలిపే ముసలాయన: అసలు ఎక్కడ సంతకం పెట్టాడో ఆయనకే తెలీదు. చదివి దుబాసీయే నవ్వాడు.

పన్నెండుమందికీ అని రాశాను, పదకొండుమందికి. బావగారి పేరు దగ్గరికి వచ్చేసరికి నాలుగైంది, గేటు దగ్గర జీపు హారన్ కొడుతోంది. టైము లేకపోయింది. అయినా ఆయన కార్డు ఎందుకు తీసుకున్నారో ఆఫీసంతా ఎరిగిందే, ప్రత్యేకంగా రాయడం దేనికి? పైగా సొంతవాళ్ళకి రాస్తే బంధుప్రీతి అంటారు.

మా ఆయనది నాలుగో తరగతి, ఆయనకి రిమార్కు అక్కర్లేదు. ఆయన గడిలో మాత్రం "వాల్వుల పని తెలిసినవారు, ఇన్‌ఛార్జిగా తగినవారు" అని కొట్టాను. తప్పేముంది? ఆ అన్నకి తమ్ముడు, అంతో ఇంతో తెలిసే ఉంటుంది.

మార్చి 17

ఫైల్లో ఉన్నదే టైపు చేశాను. ఒక్క అక్షరం ఎక్కువ కాదు, తక్కువ కాదు.

మార్చి 22

గేటుకి కాగితం అంటించారు. ఒకటో తరగతి వాళ్ళూ రెండో తరగతి వాళ్ళూ కలిపి తొమ్మిదిమంది. మూడో తరగతిలో ఒక్కరు.

బావగారు కళ్ళు చికిలించి రెండుసార్లు చదువుకున్నారు. భుజాన ఉన్న వాల్వు తాళంచెవి, అంటే నిలువెత్తు ఇనప కడ్డీ, కొసన పిడి ఉంటుంది, అది తెచ్చి మా ఆయన చేతికిచ్చారు. ఎందుకంటే ఇన్‌ఛార్జిగా వేసింది మా ఆయన్నే. "నూనె రాస్తూ ఉండు, తుప్పు పడుతుంది" అన్నారు. అంతే. తీసేసినవాళ్ళు ఆవరణలో అడుగు పెడితే అరెస్టు అని కింద ఎర్ర అక్షరాల్లో ఉంది. ఆయన టిఫిన్ డబ్బా లోపలే ఉండిపోయింది. నేను తెచ్చిచ్చాను.

మా ఆయన ఇంట్లో తల పట్టుకు కూర్చున్నారు. "నువ్వు రాయలేదా?" అని అడిగారు. "ఫైల్లో ఉన్నది రాశాను" అన్నాను. "వదిన చెప్పింది కదా నీకు." "చెప్పింది. వినేవాళ్ళు వినాలిగా." అది అబద్ధం కాదు.

మార్చి 25

క్వార్టర్స్ ఇన్‌ఛార్జి పేర వచ్చాయి కాబట్టి ముందుగదులు మావి. మా ఆయన వద్దంటే వద్దన్నారు. నేను నోరెత్తకుండానే అక్కే సామాను సర్దేసింది. "చిన్నోడి కోసం మనుషులొస్తారు, గోడవైపు ఎక్కడ కూర్చోబెడతారు?" అని. నేల కడిగి, కిటికీ అద్దాలు తుడిచి, తెర కూడా వదిలేసి వెళ్ళింది. కాస్త ఏడ్చినా, గిన్నె ఒకటి విసిరికొట్టినా నాకు తృప్తిగా ఉండేది. గొప్పతనం కూడా ఆవిడే మూటగట్టుకుని వెనకగదికి పోయింది.

మార్చి 29

ముందుగదిలో ఎండ మరీ ఎక్కువ. మధ్యాహ్నం పడుకోవడానికి లేదు.

ఏప్రిల్ 3

ఇప్పుడు ఇంట్లో నవ్వులన్నీ వెనకగదిలో.

మా ఆయన పొద్దున్నే లేచి, నేనిచ్చిన టీ పట్టుకుని అటు వెళ్ళిపోతారు. బావగారు మంచం మీద బొగ్గుముక్కలు పరిచి ఇది గంటస్తంభం, ఇది ఆసుపత్రి మలుపు అని వాల్వుల సంగతి చెబుతారు. మా ఆయన మరిచిపోతే వదిన అందిస్తుంది. పాతికేళ్ళు భర్త నోట వినీ వినీ ఆవిడకీ వచ్చేసింది! నేను గుమ్మంలో నిలబడితే ముగ్గురూ తలెత్తి, "ఏమైనా కావాలా?" అని అడుగుతారు, పక్కింటావిడ అప్పుకి వచ్చినట్టు.

వీధి జనం కూడా వెనక తలుపు కనిపెట్టేశారు. మా పేటకి నాలుగు రోజులైంది నీళ్ళు రాక అని మొత్తుకోవడం అక్కడ. ఇన్‌ఛార్జి గది ఇటు, బెంచీ వేసి, తుడిచి పెట్టాను. పిల్లి తప్ప ఎవరూ కూర్చోలేదు.

ఏప్రిల్ 11

ఇవాళ పోట్లాట.

"ఉద్యోగం మీదా, ఆయనదా?" అన్నాను. "పొద్దున్నే వెళ్ళి పాఠం చెప్పించుకుని వస్తారు. తీసేసిన మనిషి సలహా మీద వాటర్‌వర్క్స్ నడుస్తోందని కళ్ళజోడుకి తెలిస్తే ఏమవుతుందో ఆలోచించారా? మీకు పోతుంది, ఆయన్ని లోపలేస్తారు."

"అన్నయ్య చెప్పకపోతే నాకు పాతబస్తీ తెలీదు."

"మీకు ముప్పై ఆరేళ్ళు. చిన్నోడు, చిన్నోడు అని పిలిపించుకుంటూ ఆవిడ కొంగు పట్టుకుని తిరుగుతారా ఇంకా? ఒక్క పని, ఒకే ఒక్క పని సొంతంగా చెయ్యండి, నేను చూస్తాను."

మొహం మీద కొట్టినట్టు చూశారు. ఆ మాట అని ఉండకూడదు. కానీ పనిచేసింది. తాళంచెవి భుజాన వేసుకుని వెనకగది వైపు చూడకుండా వెళ్ళిపోయారు.

ఏప్రిల్ 12

వెళ్ళలేదు వెనకగదికి. నా దగ్గరే టీ తాగారు.

ఏప్రిల్ 13

ఇవాళా నా దగ్గరే. రెండు కప్పులు.

ఏప్రిల్ 14

పాతబస్తీలో నీళ్ళు సన్నగా వస్తున్నాయని కళ్ళజోడు గొడవ. మా ఆయన పొద్దంతా అక్కడే ఉండి ఒంటిచేత్తో అన్నీ సరిచేశారు. అక్కడ ఇంకో లైను కూడా ఉందట, నదిలోంచి శుద్ధి చెయ్యకుండా వచ్చే పచ్చినీళ్ళది. మంటలార్పడానికీ వీధులు కడగడానికీ వాడేది. ఆ రెండు లైన్ల మధ్య వాల్వు ఎప్పుడూ మూసే ఉండాలి. అది కొంచెం వదులైందేమోనని ఇంకా బిగించి వచ్చానన్నారు. సంతోషంగా ఉన్నారు. అన్నం తింటూ నాకే చెప్పారు, అంతా నాకే, మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా. వెనకగదిలో వాళ్ళకి వినబడేలా నవ్వాను.

ఏప్రిల్ 18

పాతబస్తీలో ఏదో విరేచనాల జబ్బు. ఎండలు ముదిరాయి కదా.

ఏప్రిల్ 20

ఆసుపత్రి వరండాలో కూడా చోటు లేదట. ఎక్కువగా పిల్లలే.

ఏప్రిల్ 21

అన్నీ వరసగా రాయాలి, లేకపోతే నేనే మార్చేసుకుంటాను.

పొద్దున పాతబస్తీ నుంచి ఒకావిడ సీసాతో నీళ్ళు పట్టుకుని వెనక తలుపు దగ్గరికి వచ్చింది. బావగారు వాసన చూశారు. మొహం పాలిపోయింది. ఊరికి ఎగువన మురుగునీటి ప్లాంటు మీద ఆ సైన్యమే బాంబు వేసింది. అప్పట్నుంచీ ఊరి మురుగంతా తిన్నగా నదిలోకే. ఆ పచ్చినీళ్ళ వాసన అది.

మా ఆయన్ని పిలిచారు. "నదిలైను వాల్వు ముట్టుకున్నావా?"

"బిగించాను అన్నయ్యా."

"ఎటు తిప్పావురా?"

"కుడివైపు. పదకొండు చుట్లు."

బావగారు గోడకి ఆనుకున్నారు. ఊరంతా కుడివైపు తిప్పితే మూసుకుంటాయి. పాతబస్తీలో ఉన్న ఎనిమిది మాత్రం పాత కంపెనీవి. కుడికి తిప్పితే తెరుచుకుంటాయి. ఎక్కడా రాసి లేదు. రాయడం నేరం కదా. చెయ్యి పట్టి చెప్పాల్సిన సంగతి, ఆ పాఠం ఇంకా రానేలేదు. ఏప్రిల్ పదకొండున ఆగిపోయింది.

బావగారే తాళంచెవి లాక్కుని పరుగెత్తారు, ఆ వయసులో. వెనకాల మా ఆయన. ఎడమవైపు పదకొండు చుట్లు తిప్పేసరికి సైనికుల గస్తీ వచ్చి పట్టుకుంది. తీసేసిన పార్టీ మనిషి, చేతిలో వాల్వు తాళం, విషమెక్కిన లైను. వాళ్ళకి ఇంకేం కావాలి? ఎవరు తిప్పారని అడిగితే ఆయన ఒక్కటే మాట, "నేనే" అన్నారు. మా ఆయన ఇరవై గజాల్లో వీధి మలుపులో నిలబడి ఉన్నారు.

వచ్చి వదిన కాళ్ళ దగ్గర కూలబడి చెప్పారు. "నేను వెళ్ళి నిజం చెబుతాను వదినా."

"వద్దు" అంది అక్క. "మీ అన్నయ్య అంత తెలియకుండా అనరు. నిన్ను కూడా పట్టుకుపోతే ఊళ్ళో వాల్వులు తెలిసినవాడు ఒక్కడూ మిగలడు. నువ్వు పోయి నీళ్ళు చూసుకో నాయనా."

నేను అక్కడే ఉన్నాను. ఆ "వద్దు" వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. రాయకపోతే లాభం లేదు: ప్రాణం లేచొచ్చింది.

ఏప్రిల్ 24

తొమ్మిదిమంది పోయారు. ఆరుగురు పిల్లలు. మా వీధి చివర చెప్పులు కుట్టేవాడి మనవరాలు ఒకతె. పాతబస్తీలో మేనత్త ఇంటికి వెళ్ళిందట, నాలుగు రోజులు ఉండివద్దామని.

మే 2

అక్క రోజూ పొద్దున్నే మూట కట్టుకుని ఊరవతల గిడ్డంగి దగ్గరికి వెళుతుంది. పట్టుకున్నవాళ్ళని అందులోనే పెట్టారు. గేటు ముందు ఆడవాళ్ళ వరస. మూట తీసుకోరు, మనిషిని చూపించరు, లేరని కూడా చెప్పరు. సాయంత్రం తిరిగొస్తుంది.

మా ఆయన డ్యూటీ అవగానే అటే వెళ్ళి ఆవిడని తీసుకొస్తారు. ఇద్దరూ వీధిలో నడిచొస్తుంటే జనం లేచి నిలబడతారు. కొందరు ఆవిడ చేతులు పట్టుకుంటారు. చెప్పులు కుట్టేవాడు కూడా లేచాడు. వాడికి అసలు సంగతి తెలీదు, లేక తెలిసే లేచాడో.

నా చేతులు ఎవరూ పట్టుకోలేదు. ఏమని పట్టుకుంటారు? నాకేం పోయిందని? మొగుడున్నాడు, ఉద్యోగాలున్నాయి, ముందుగదులున్నాయి. ఆవిడ దుఃఖం చూసి కూడా కుళ్ళుకుంటున్నాను. ఇంతకన్నా దిగజారడానికి ఇంకేమీ లేదనుకుంటా.

మే 9

ఆయన నాతో మాట్లాడి పద్దెనిమిది రోజులు. ఉప్పు అందించమన్నారు ఒకసారి. దాన్ని లెక్కేస్తే పదిహేడు.

మే 17

ఒక సంగతి ఈ కాగితాల్లో ఎక్కడా రాయలేదని ఇవాళ మొదటి నుంచీ చదివితే తెలిసింది. "ఆఫీసంతా ఎరిగిందే" అని దాటేశాను.

బావగారు మూడో తరగతి కార్డు తీసుకున్నది నా పెళ్ళి కోసం. అప్పుడు వాళ్ళకి రెండే గదులుండేవి. నాలుగు గదుల క్వార్టర్స్ కావాలంటే మూడో తరగతి ఉండాలి. తమ్ముడు పెళ్ళాంతో ఎక్కడుంటాడని వెళ్ళి సంతకం పెట్టొచ్చారు. నేను ఈ ఇంట్లో కాలుపెట్టిన వారానికే అక్క చెప్పింది. దెప్పిపొడవలేదు, బావగారి మీద జోకు వేసి చెప్పింది, పార్టీ మీటింగులో ఆయన నిద్రపోయి గురక పెట్టారని. నేనూ నవ్వాను.

ఆ గడిలో కొట్టాల్సింది నాలుగు మాటలు. "తమ్ముడి కుటుంబానికి ఇంటి కోసం." టీ తాగడానికి పట్టినంతసేపు కూడా పట్టేది కాదు. జీపు నాలుగింటికి వచ్చింది. నాకు గంట టైముంది.

మే 19

కళ్ళజోడు దగ్గరికి వెళ్ళాను. ఆయన లేడు. గడువైపోయి వాళ్ళ దేశం వెళ్ళిపోయాడట. ఆ కుర్చీలో ఇప్పుడు నున్నగా గీసుకున్న కుర్రమొహం ఒకడున్నాడు. దుబాసీ మాత్రం పాతవాడే, చిక్కిపోయాడు.

చెప్పాను. వాల్వు తిప్పింది మా ఆయనే, తెలియక తిప్పారు, బావగారు మూయడానికి వెళ్ళారు అని. పట్టికలో గడి ఖాళీగా వదిలింది నేను, కావాలని వదిలాను అని. దుబాసీ ఆ ఆఖరి ముక్క దగ్గర ఆగి నా వైపు చూశాడు. "చెప్పండి" అన్నాను. చెప్పాడు.

కుర్రమొహం ఫైలు తెప్పించాడు. నా పట్టికే. తిరగేసి ఏదో అన్నాడు. "ఈ ఊళ్ళో తనకి అందిన కాగితాలన్నిట్లోకీ ఇదే శుభ్రంగా ఉందట. తప్పులు లేకుండా ఉందని మెచ్చుకుంటున్నాడు" అన్నాడు దుబాసీ, తల వంచుకుని.

తర్వాత అసలు సంగతి. కారణం రాసి ఉంటే అలాంటి మనిషి విషయంలో ప్రమాదం అనుకుని విచారించేవాళ్ళట. ఖాళీ గడి చూసి పార్టీవాడి కుట్ర కింద రాసేశారట. కుట్ర కింద రాసినవాళ్ళు ఈ గిడ్డంగిలో ఉండరట. మే 11నే ఓడెక్కించి సముద్రం అవతలికి పంపేశారట. ఎక్కడికో ఆయనకీ తెలీదట. నేను చెప్పింది కాగితం మీద రాసిస్తే పైకి పంపుతానన్నాడు. ఆరు నెలలు పట్టొచ్చు, ఎక్కువే పట్టొచ్చు.

"నన్నూ మా ఆయన్నీ ఏం చేస్తారు?" అని అడిగాను. ఏమీ చెయ్యరట. నీళ్ళ పని ఆగకూడదట.

మే 11న పంపేశారు. ఎనిమిది రోజులుగా అక్క ఖాళీ గేటు ముందు మూట పట్టుకుని నిలబడుతోంది.

మే 20

గిడ్డంగి దగ్గరికి వెళ్ళాను. వరసలో ఇరవయ్యో మనిషి అక్క. ఎండకి కొంగు తలమీద వేసుకుని ఉంది. నన్ను చూసి కంగారుపడింది. "చిన్నోడికేమైనా అయిందా?" అంది.

"లేదక్కా" అన్నాను. ముందు ఓడ సంగతి చెప్పాను. తర్వాత గడి సంగతి. ముందూ వెనకా ఆడవాళ్ళు వింటున్నారు. విననీ అనుకున్నాను.

అక్క మూట ముడి బిగించుకుంది. తర్వాత, "ఎందుకే?" అని అడిగింది. కోపం లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"మీ మీద కుళ్ళు."

"నా మీదా?" అంది. తన చేతుల వంక, మూట వంక చూసుకుంది. "నా దగ్గరేముందే?"

నిలబడ్డాను. లెంపకాయ కొడుతుందని ఎదురుచూశాను. కొడితే బాగుండేది. వరస ఓ అడుగు ముందుకు కదిలింది, అక్క కూడా కదిలింది. అలా కదులుతూనే అంది.

"ఆయన పేరు పక్కన నా పేరు కూడా కొట్టాల్సింది. ఇద్దర్నీ ఒకే ఓడెక్కించేవాళ్ళు."

మే 21

ఆయనకి అంతా చెప్పేశాను. పక్కబట్టలు తీసుకుని వెనకగదిలోకి వెళ్ళిపోయారు. అక్క మళ్ళీ పొద్దున్నే మూట కట్టుకుని బయల్దేరింది, గిడ్డంగికి కాదు, ఓడలు ఎక్కడికి పోతాయో కనుక్కోవడానికి రేవుకి. రేవు రెండు రోజుల ప్రయాణం. ఆయనే బస్సు ఎక్కించి వచ్చారు.

నేను ఆఫీసుకి వెళ్ళలేదు. పొద్దున్నుంచీ ఒక్కటే ఆలోచిస్తున్నాను. బావగారి బదులు మా ఆయన ఆ ఓడెక్కి ఉంటే, నేను గేటు ముందు నిలబడి ఉంటే, అక్క అన్న మాట నా నోట వచ్చేదా అని. రాదు. ఎంత వెతుక్కున్నా నాలో ఆ మాట లేదు. ఇంత చేశాక, ఇంతమంది పోయాక కూడా, ఆవిడ మీద నాకు కుళ్ళుగానే ఉంది.